నాంచారికి శాలువా

ఒక పెద్ద అడవిలో సభలెక్కువ, నీళ్లు తక్కువ. ఉన్నది ఒక్కటే మడుగు. పొద్దున్నే ఏనుగు దొర అందులో జలకాలాడి వెళ్లేవాడు. తర్వాత మిగిలిన బురదని మిగతా జంతువులు ప్రసాదంలా తాగేవి.

ఆ అడవిలో నాంచారి అనే ముళ్లపంది ఉండేది. పాట తనే కట్టేది, తనే పాడేది, తోకముళ్లు గలగలలాడించి తాళమూ తనే వేసుకునేది. ఆ అడవిలో ఆల్బమ్ అంటే ఎనిమిది పాటలు గోరింకలకి నేర్పి వదిలెయ్యడం. అవి చెట్టు చెట్టునా వాలి పాడతాయి. నాంచారి అప్పటికే రెండు వదిలింది. ఒకటి వెన్నెల మీద, ఒకటి పూల మీద. నేర్చుకున్న గోరింకలే వాటిని మర్చిపోయాయి.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. పక్కపొద కుందేలు బుడ్డెమ్మ పిల్లలు బురద తాగి కడుపు నొప్పితో మెలికలు తిరిగారు.

"వెన్నెల ఎక్కడికీ పోదు గానీ నాంచారక్కా, ఈ నీళ్ల గురించి ఓ మాట అనరాదూ," అంది బుడ్డెమ్మ.

నాంచారికి ఒళ్లు మండింది. ఒళ్లు మండితే ముళ్లు లేస్తాయి, ముళ్లు లేస్తే తాళం దానంతటదే పడుతుంది. అలా పుట్టిన ఆల్బమ్ పేరు 'బురద'. మొదటి పాట ఇలా ఎత్తుకుంటుంది:

"నీ వీపు కడిగిన నీళ్లు దొరా,
నా బిడ్డ గొంతులో దిగవు దొరా."

కళాపరిషత్తు అధ్యక్షులు కొంగగారు ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని విన్నారు. చేపల కోసం కూడా వారు అలాగే నిలబడతారు.

"ఇది పాటా? ఎండుకాయలో గింజల మోత. శ్రుతి లేదు, సంస్కారం అసలే లేదు," అని తేల్చారు.

ఆ మాట అన్నాక అడవిలో పాట వినని చెవి లేదు. అడవిపందులు నేల అదిరేలా దరువేశాయి, కోతులు ఊపులో కొమ్మలు విరిచాయి. దొర నీళ్లలో దిగడం ఆలస్యం, ఒడ్డున గోరింక అందుకునేది. పాపం, వీపు సగమే తోముకుని వెళ్లిపోయేవాడు.

"నిషేధించండి," అన్నాడు దొర.

కార్యదర్శి నక్క వినయంగా చెవులు వంచింది. "నిషేధిస్తే మూగవాళ్లు కూడా పాడతారు దొరా. సన్మానం చేద్దాం. సన్మానమయ్యాక ఎవరూ వినరు."

కబురొచ్చింది: వనగానభారతి బిరుదు, బూరుగుదూది శాలువా, బతికినన్నాళ్లూ దొరకంటే ముందుగా తేటనీళ్లు.

"వెళ్తావా?" అంది బుడ్డెమ్మ.

"వెళ్లి వాళ్ల మొహం మీదే పాడతా."

"నీళ్లు తాగి పాడతావా, పాడి తాగుతావా?"

నాంచారి ముళ్లు దులుపుకుని సభకి బయల్దేరింది.

మడుగు ఒడ్డునే పందిరి వేసి సభ. దొర నీళ్లలోనే మోకాటిలోతున నిలబడి అధ్యక్షత వహించాడు. కొంగగారు గొంతు సవరించుకున్నారు. "ఈ ప్రతిభని మొట్టమొదట గుర్తుపట్టింది నేనే. గింజలన్నాను, గుర్తుందా? గింజ అన్నానంటే మొలకెత్తుతుందనే కదా." చప్పట్లు.

శాలువా కప్పారు, జారింది. మళ్లీ కప్పారు, మళ్లీ జారింది.

"ముళ్లు కాస్త వాల్చండమ్మా. పెద్దలున్నారు," అంది నక్క.

నాంచారి వెనక వరసలో పిల్లలతో కూచున్న బుడ్డెమ్మని చూసింది. తన కాళ్ల దగ్గర ఒక దొన్నెలో పెట్టిన తేటనీళ్లనీ చూసింది. ముళ్లు వాల్చింది. శాలువా నిలిచింది. అంత మెత్తన ఆ వీపు పుట్టి ఎరగదు.

"ఇప్పుడు పాడండి."

పాడింది. తోక శాలువా కింద నొక్కుకుపోయింది, గలగల లేదు. అవే మాటలు జోలపాటలా వచ్చాయి. బుడ్డెమ్మ పిల్లలు నిద్రపోయారు. దొర చెవులతో తాళం వేస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత ఆర్ద్రత. పాపం, ఆ బురద తాగేవాళ్లెవరో గానీ," అన్నాడు, కాళ్ల కింద మడుగు కలుపుతూ.

అప్పుడైనా నాంచారికి కోపం రావాలి. రాలేదు. శాలువా వెచ్చగా ఉంది. నక్క మీసాల్లో నవ్వుకుంది.

అక్కడితో ఆగితే దొర గెలిచేవాడే. కానీ కరిగిపోయిన దొర గట్టెక్కి, వెనక నుంచి వచ్చి, "నా తల్లీ" అంటూ తొండం చుట్టి గుండెకి హత్తుకోబోయాడు.

ముళ్లకి బిరుదుల సంగతి తెలీదు. వెనక నుంచి ఎవరు మీద పడినా లేస్తాయి. శాలువా చీల్చుకుని లేచాయి.

దొర ఘీంకారానికి పందిరి కూలింది. తొండం తాటిమొద్దంత వాచింది. నీళ్లు పీల్చలేక, చల్లుకోలేక కొండ అవతల వైద్యుడి దగ్గరికి చేరాడు. వైద్యుడు రాసిన మందు బురదపట్టీ.

బిరుదిచ్చిన నోటితో శిక్ష ఎలా వేస్తారు? కొంగగారు మాత్రం సమీక్షలో రాశారు: "పాట దొరవారికి లోతుగా తగిలింది."

మడుగు తేటపడింది. బుడ్డెమ్మ పిల్లలు కడుపారా తాగారు.

"ఎంత గుండె ధైర్యమే నాంచారక్కా. వాల్చినట్టు వాల్చి, సమయం చూసి పొడిచావు," అంది బుడ్డెమ్మ.

నేను కాదే, ముళ్లు, అనబోయింది నాంచారి. ఈలోగా పందులు దరువందుకున్నాయి.

"నాలుగో ఆల్బమ్ ఎప్పుడక్కా?" అంది బుడ్డెమ్మ.

"ముందు ఈ శాలువా పీకవే. ముళ్లకి పట్టేసి ఊడి చావట్లేదు."

నీతి: ఏలినవారు పాడేవాళ్లకి శాలువాలు ఎన్నయినా కప్పవచ్చు గానీ, పాట నచ్చిందని కౌగిలించుకోరాదు.