రెండు పాసులు, ఒక కుక్కర్

ఆ గురువారం పొద్దున కమలాకర్ అనుకున్నది చాలా చిన్న పని. మధ్యాహ్నం దాకా సూరత్‌లోని పాండేసరలో మగ్గాలు నడిపి, ఇంటికొచ్చి, భార్య భాగ్యలక్ష్మిని వెంటబెట్టుకుని సాయంత్రం ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లడం. చుట్టుపక్కల ఊళ్ల కళాకారులంతా కలిసి పెట్టుకున్న ఆర్కెస్ట్రా అది. దాన్ని నడిపించడానికి బయటి నుంచి ఒక కండక్టర్ అతిథిగా వస్తున్నాడు. ఆయనతో పాటు క్లారినెట్ వాయించే ఒకావిడ వస్తోంది. హాల్లో లైట్లు చూసుకునే మేనల్లుడు సంపత్ రెండు పాసులు తెచ్చిచ్చాడు.

క్లారినెట్ అన్న మాట విన్నప్పటి నుంచి కమలాకర్‌కు సరిగా నిద్ర లేదు. సూరత్ రాకముందు సిరిసిల్లలో పెళ్లి బ్యాండులో అతను వాయించింది అదే. ఇక్కడికొచ్చాక చెవుల్లో పడిందంతా మగ్గాల చప్పుడు. అందులో మాట వినిపించాలంటే అరవాలి. పాటను అరిచి వినిపించలేం కదా. అందుకే పెళ్లయ్యాక ఆ సంగతి భార్యకు పైపైన చెప్పాడే తప్ప ఎన్నడూ విడమరచలేదు. ఇవాళ చెప్పకుండా తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాడు.

ఆమె నల్లా దగ్గరికి వెళ్లిన అదను చూసి సూపర్‌వైజర్ ఉమాకాంత్‌కు ఫోన్ చేశాడు. మగ్గాల దగ్గర అలవాటైన గొంతు కాబట్టి గల్లీలో సగం మంది విన్నారు.

"జర మధ్యాహ్నం ఛుట్టీ ఇయ్యి సారూ. కండక్టర్ వస్తుండు. ఐదున్నర కాంగనే షురూ చేస్తడట. లేటైతే ఎక్కనియ్యరు లోపలికి. నేను, మా ఇంటామె ఇద్దరం పోతున్నం."

పక్కింటి రాజమ్మ చేతిలోని చీపురు అక్కడే పడేసి నల్లా దగ్గరికి నడిచింది.

"ఊరికి పోతున్నమని చెప్పనేలేదు భాగ్యా?"

"ఎవరన్నరక్కా?"

"నీ మొగుడే. కండక్టర్‌తోని మాట్లాడిండు గూడ."

భాగ్యలక్ష్మి ఇంటికొచ్చి, మేకుకు వేలాడుతున్న చొక్కా జేబు చూసింది. రెండు కాగితాలు. వాటి మీది గుజరాతీ అక్షరాలు ఆమెకు చదవరావు. మూడేళ్లుగా తల్లి ముఖం చూడని మనిషికి, అవి ఊరి బస్సు టికెట్లే అనుకోవడానికి రెండు కాగితాలు ఉంటే చాలు. తనకు చెప్పకుండా తీసుకెళ్లి సంతోషపెడదామనుకుంటున్నాడు కాబోలు, తనూ తెలియనట్టే ఉందామనుకుంది. తెలియనట్టే అటక మీది బ్యాగు దించింది.

కమలాకర్ ఆటో తీసుకుని గల్లీలోకి వచ్చేసరికి ఇంటి ముందు జనం. భాగ్యలక్ష్మి పట్టుచీర కట్టుకుని ఉంది. ఆమె చుట్టూ సంచులు, డబ్బాలు, ఒక కొత్త ప్రెషర్ కుక్కర్. వాటి నడుమ ఒక మూట, మూట మీద గల్లీ చివరింటి ముసలి వెంకటవ్వ.

"కుక్కర్ పైలం తమ్మీ, మా బిడ్డకు. విజిల్ వేరే సంచిల ఉన్నది" అంది రాజమ్మ.

"ఈ మోకాళ్ల మందు మా నాయినకు. బస్టాండుకే వస్తడు" అన్నాడు ఎదురింటి బిక్షపతి.

"నన్ను గూడ తీస్కపో బిడ్డా. సీటు లేకుంటె కింద కూసుంట. ఒక్కపారి ఊరు చూస్త" అంది వెంకటవ్వ.

కమలాకర్‌కు అప్పుడర్థమైంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. భార్య ముఖం చూశాడు. ఆమె అలా నవ్వి ఎంత కాలమైందో. నోరు మూసుకుని సామానుతో పాటు వెంకటవ్వనూ ఆటోలోకి ఎక్కించాడు.

సగం దారిలో చెప్పాడు.

"భాగ్యా, మనం పోయేది బస్సుకు గాదు. కచేరీకి. కండక్టర్ అంటె పాటోళ్లకు చెయ్యి చూపెట్టేటాయన."

ఆమె ముఖం బయటికి తిప్పుకుంది. "అమ్మకు ఫోన్ చేసి చెప్పిన, వస్తున్నమని" అంది.

హాలు ముందు గార్డు ఆపాడు. సామాను లోపలికి పోనివ్వనన్నాడు. ఇదంతా ఎవరిదని హిందీలో అడిగాడు. కమలాకర్ ఏడుగురి పేర్లు చెప్పాడు. దాంతో గార్డుకు అనుమానం పెరిగి, ఇంకో గార్డును పిలిచాడు. ఇద్దరూ కలిసి మెట్ల మీదే సంచులు విప్పించారు. ఎవరి చెల్లికో చీర, ఎవరి మనవరాలికో గౌను, ఘారీ మిఠాయి డబ్బా. మోకాళ్ల మందు సీసా మూత వదులై కారితే, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు ముక్కు మూసుకుని పక్కనుంచి ఎక్కారు. ఇంతలో లోపల గంట మోగింది. సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి.

"అవ్వను తీస్కొని నువ్వు పో" అని పాసులు రెండూ భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వు చూడాల్నని తెచ్చుకుంటివి గదా."

"పో భాగ్యా. తలుపులు పెడ్తున్నరు."

తలుపులు మూసుకున్నాయి. కమలాకర్ మెట్ల మీద, సంచుల మధ్య కూర్చున్నాడు. మొదట గోడల వెనక నుంచి గుంపుగా ఏదో మోత వచ్చింది. తర్వాత మోత తగ్గి, సన్నగా, ఒంటరిగా ఒక్క దారం లాగినట్టు క్లారినెట్ మొదలైంది. మగ్గాలకు మొద్దుబారిన చెవులకు అందీ అందనట్టు ఉంది. అందని చోట అతని వేళ్లు పూరించుకున్నాయి, కుక్కర్ పిడి మీద. తెల్లవారే వేళ ఊరేగింపులు, తడి నేల, పెళ్లికూతురు గుమ్మం దాటేటప్పుడు వాయించాల్సిన ఆ నిదానపు వరస, అన్నీ వచ్చి పక్కన కూర్చున్నాయి. గార్డు కాసేపు అతన్నే చూశాడు. వెళ్లి పక్క తలుపు జానెడు తెరిచి పెట్టాడు.

విరామంలో భాగ్యలక్ష్మి బయటికొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నువ్వు వాయిస్తుంటి అన్నది గిదేనా?"

"గిదే."

"నాకెందుకు ఒక్కపారన్న వినిపియ్యలే?"

"ఆ చప్పుడుల ఏడ వినిపియ్యాలె? క్లారినెట్ ఊర్ల మా అన్న ఇంట్లనే వదిలిపెట్టి వచ్చిన."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, విప్పిన సంచులు ఒక్కొక్కటే కట్టడం మొదలుపెట్టింది.

"బస్సెన్నింటికి?" అంది.

"హైవే మీద కామ్‌రేజ్ కాడ ఎనిమిదింటికి ఉంటది. ఎందుకు?"

"పోయి దాన్ని తెచ్చుకుందం. అమ్మను గూడ చూసినట్టైతది."

కమలాకర్ నిలబడే ఫోన్ చేసి మూడు సీట్లు చెప్పాడు. ఆటో పిలిచాడు. సామానంతా ఎక్కించాక, విరామంలో బయటికొచ్చిన సంపత్‌ను, వెంకటవ్వను పిలుచుకురమ్మని లోపలికి పంపాడు.

సంపత్ ఒక్కడే తిరిగి వచ్చాడు. అవ్వ రానంటోంది, ఇంకా సగం మిగిలి ఉందట.