నీలి పెట్టె గొప్పా, నారింజ పెట్టె గొప్పా?

కంప్యూటర్‌లో ఆటలాడేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డులమ్మే కంపెనీలు రెండుండటం, ఏది గొప్పో తేలక మనుషులు జుట్లు పట్టుకోవడం ఈ కాలానికి పట్టిన చీడ అని కొందరు పెద్దమనుషులు బాధపడుతున్నారు. వాళ్లను చూస్తే జాలేస్తుంది. నట్టింట్లోకి నడిచొచ్చిన వరాన్ని పట్టుకుని శాపమనేవాళ్ల చూపును ఏ కళ్లజోడు బాగుచేస్తుంది?

ఆలోచించండి. ఒకప్పుడు మనిషికి ఒక మంచి శత్రువు కావాలంటే ఎంత శ్రమ! పక్కవాడి గోడ మనవైపు జానెడు జరగాలి. లేకపోతే పంపకాల్లో మనకు రావలసిన బీరువా తమ్ముడింటికి పోవాలి. గోడా బీరువా రెండూ లేనివాడు అందరితో మంచిగా ఉంటూ, మంచివాడనిపించుకునే పోవాల్సి వచ్చేది పాపం. ఇప్పుడా బాధ లేదు. ఒక్క పెట్టె కొంటే చాలు, రెండో పెట్టె కొన్న లక్షలమంది మనకు శత్రువులైపోతారు. డెలివరీ ఉచితం.

నమ్మరా? అయితే అద్దాల బావ సంగతి వినండి.

అద్దాల బావకు బస్టాపు ఎదురుగా కళ్లజోళ్ల షాపుంది. వరసతో పనిలేకుండా వీధి వీధంతా ఆయన్ను బావా అనే పిలుస్తుంది. వచ్చినవాళ్లను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన చట్రం ఒకటి తగిలించి, అందులో ఒక అద్దం వేసి తీసి, ఇంకొకటి వేసి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం ఇరవై రెండేళ్లుగా ఆయన చేస్తున్న పని. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అని ఎవరైనా అంటే ఆయన నవ్వి, "అయితే చవకది తీసుకోండి" అంటాడు. అలా అన్న షాపువాడు ఇంకొకడు ఉంటే చూపించండి. జనం రెండు బస్సులు మారి ఆయన దగ్గరికి వచ్చేది ఆ ఒక్క మాట కోసమే.

ఆయనకు ఒక బావమరిది ఉన్నాడు. భార్యకు సొంత తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కగారింట్లో భోజనం చేసి, బావతో కలిసి వెనకగదిలో దూరేవాడు. ఒక మెషీన్, దాని ముందు రెండు కుర్చీలు. కొండదారుల్లో కారు పందెం ఆట. బావ స్టీరింగ్ పట్టుకుంటే, బావమరిది పక్కన కూర్చుని రాబోయే దారి చదివేవాడు.

"ఎడమ మలుపు, గట్టిది. తర్వాత వంతెన. బ్రేకు బావా, బ్రేకు."

పక్కగదిలో బట్టలు మడతపెట్టుకుంటూ అక్క ఆ గొంతులు వినేది. ఇద్దరికీ వయసొచ్చింది గాని బుద్ధి రాలేదని పైకి తిట్టుకునేది. ఆదివారం ఆ గోల లేకపోతే మాత్రం ఆమెకు తోచేది కాదు.

ఒక ఆదివారం ఆ పాత మెషీన్‌లో గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. ఆటలో బొమ్మను గీసేది అదే కాబట్టి, కారూ కొండా కలిసి ఒకేసారి మాయమయ్యాయి. కొత్తది కొనాలి. ఏది కొనాలి? బజారులో ఉన్నవి రెండు. ఒకటి నీలి పెట్టెలో వస్తుంది, ఒకటి నారింజ పెట్టెలో వస్తుంది.

చూడండి, విద్య ఎలా అబ్బుతుందో! అద్దాల బావ నాలుగు నెలలు చదివాడు. కార్డు లేకపోయినా మెషీన్‌కు పుట్టుకతో వచ్చిన సాకెట్ ఒకటి ఉంటుంది, అందులో మానిటర్ వైరు గుచ్చితే ఏదో గుడ్డిలో మెల్లలా బొమ్మ వస్తుంది. అందులోనే వైరు గుచ్చుకుని రివ్యూలన్నీ చూశాడు. ఇంట్లో ఫ్యూజు పోతే ఎదురింటివాళ్లను కేకేసే మనిషి వాట్ల గురించి ఉపన్యాసాలివ్వసాగాడు. పెళ్లిరోజు ఎప్పుడని అడిగితే నీళ్లు నమిలే మనిషి నీలి కంపెనీ తర్వాతి కార్డు విడుదల తేదీ టక్కున చెప్పేవాడు.

ఒక రివ్యూలో అయితే రెండు కార్డుల బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి, ఎనిమిది రెట్లు పెద్దవి చేసి, దారి పక్కనున్న గడ్డిపోచను చూపించారు. నీలి కార్డులో ఆ గడ్డిపోచకు నీడ ఉంది. నారింజ కార్డులో నీడ కాస్త పలచబడింది. కొండ అంచున గంటకు రెండొందల కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడికి గడ్డిపోచ నీడ సరిగ్గా లేకపోతే బతుకు మీద ఆశ ఉంటుందా, మీరే చెప్పండి.

ఆ నీడతో బావ నీలివాడైపోయాడు. ఫోన్‌లో 'నీలి సైన్యం' అనే గ్రూపులో చేరాడు. గ్రూపంటే ఆషామాషీ గ్రూపు కాదు. ఆపరేషన్ థియేటర్లోంచి బయటికొచ్చి, ముందు గ్రూపు చూసుకుని, ఆ తర్వాతే రోగి తాలూకు వాళ్లతో మాట్లాడే డాక్టర్ ఉన్నాడు అందులో. కోర్టులో అవతలి వకీలు నారింజవాడని తెలిసి వాయిదా అడిగిన వకీలున్నాడు. పొద్దున లేవగానే ఒకరికొకరు శుభోదయం చెప్పుకుని, నారింజవాళ్లు నాశనమైపోవాలని కోరుకుని, పనుల్లోకి పోతారు. ఇంత ఐకమత్యం ఏ కాలంలో ఉంది?

సరిగ్గా ఆ వారమే బావమరిది నారింజ పెట్టె కొన్నాడు.

కూరలో ఉప్పు ఎక్కువైందని అంటారనుకుని కూర్చున్న అక్కకు, ఆరోజు భోజనం దగ్గర వినబడినవి వేరే మాటలు.

"నువ్వు కొన్నదానికీ నీలిదానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉందిరా" అన్నాడు బావ.

"రెండూ చూశాను బావా. నాకైతే ఒకేలా ఉన్నాయి. అందుకే చవకది తీసుకున్నా. నువ్వు చెప్పే మాటే కదా."

ఆ మాట షాపులో ఎవరన్నా అంటే బావ నవ్వేవాడు. ఇది షాపు కాదు. "తేడా కనబడనివాడికి ఆటెందుకురా? హాయిగా లిఫ్టులో పైకీ కిందికీ తిరుగు" అన్నాడు.

బావమరిది చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. చేయి కడుక్కున్నాడు. అక్క వెనకాలే గుమ్మం దాకా వెళ్లింది. "వస్తానక్కా" అన్నాడు గాని, ఆ తర్వాత ఎనిమిది నెలలు రాలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎంత ప్రశాంతత! అరుపుల్లేవు. మూడో పళ్లెం కడిగే పని లేదు. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు పెట్టుకోవడానికి చోటు దొరికింది. "వాడికి ఒక్కసారి ఫోన్ చేయకూడదూ, మీరు పెద్దవాళ్లు కదా" అని అక్క మొదటి నెల అడిగింది. "ముందు వాణ్ణి ఒప్పుకోమను" అన్నాడు బావ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడితో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు? రెండో నెల నుంచి ఆమె అడగడం మానేసింది. భర్తతో అవసరానికి మించి మాట్లాడటం కూడా మానేసింది. అదీ ప్రశాంతతే.

బావ నీలి కార్డు తెచ్చాడు, తన చేత్తోనే మెషీన్‌లో బిగించుకున్నాడు, ఒంటరిగా ఆట మొదలుపెట్టాడు. మలుపులు చెప్పేవాడు లేక కారు ప్రతి రెండో నిమిషానికీ లోయలో పడేది. "పడితే పడింది, ఎంత నునుపుగా పడిందో చూశావా" అనేవాడు భార్యతో. ఆమె చూసేది కాదు. అప్పుడప్పుడు బొమ్మ నత్తి కొట్టినట్టు ఆగి ఆగి కదిలితే, ఆటను తయారుచేసినవాళ్లు నారింజ కంపెనీ దగ్గర లంచం తిన్నారని గ్రూపులో చెప్పారు. ఆయన నమ్మాడు.

నమ్మడమే కాదు, సాక్ష్యం కూడా రాశాడు. "ఆరు నెలలుగా వాడుతున్నాను. నా నీలి కార్డు ఎంతసేపు ఆడినా వేడెక్కదు. మంచుగడ్డలా ఉంటుంది. ఫ్యాన్ల చప్పుడు ఒక్కరోజూ వినలేదు. కరెంటు కూడా తాగదు. ఇరవై రెండేళ్లు కళ్లతో పనిచేసినవాణ్ణి, నా మాట నమ్మండి." ఆ నాలుగు ముక్కలూ చదివి పన్నెండుమంది నీలి కార్డులు కొన్నారు. డాక్టరుగారైతే రెండు కొన్నారు.

అలా ఉండగా వెనకగదికి రంగు వేయించాలని అక్క పట్టుబట్టింది. గోడవారనున్న పెద్ద బల్ల జరపాలి. బావకు నడుంనొప్పి. "నా తమ్ముణ్ణి పిలిచాను. బల్ల జరిపి వెళ్లిపోతాడు. మీరేమీ మాట్లాడక్కర్లేదు" అంది.

బావమరిది వచ్చాడు. కాస్త చిక్కాడు. బావ పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఒకే ఇంట్లో అన్నం తిన్న ఇద్దరు మనుషులు తోవలో ఎదురైన బాటసారుల్లా ఒకరినొకరు తప్పుకున్నారు.

లిఫ్టు మెకానిక్‌కు ఒక అలవాటుంటుంది. ఏ యంత్రాన్నయినా ముట్టుకునే ముందు ప్రతి వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వేలితో వెంబడిస్తాడు. మనుషులు వేలాడే తాళ్లతో పని కదా, ఊహలు పనికిరావు. బావమరిది బల్ల వెనక్కి వంగి, మానిటర్ వైరు పట్టుకుని, దాని వెంటే పోయాడు. చివరికొచ్చి ఆగాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత ఏదో తీసి జేబులో వేసుకున్నాడు, ఇంకేదో మార్చాడు, బల్ల జరిపాడు, చేతులు దులుపుకున్నాడు.

"మెషీన్ పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోమనక్కా" అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

బావ ఆట తెరిచాడు. మొదటి మలుపు తిరిగాడో లేదో మెషీన్‌లోంచి గాలి చప్పుడు మొదలైంది. రెండో మలుపుకు అది పెద్దదైంది. బావ మెషీన్ మీద చేయి వేసి చూసి, ఎనిమిది నెలల మౌనవ్రతం మరిచిపోయాడు.

"ఏం చేశావురా నా మెషీన్‌ని? ఈ మోతేంటి? చేయి కాలుతోంది. బొమ్మలో ఆ నునుపేదీ?"

"నునుపు తగ్గిందా బావా?"

"తగ్గక? జనం కళ్లు చూసి బతుకుతున్నవాణ్ణి, నాకు తెలీదా? నారింజ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు."

బావమరిది జేబులో చేయి పెట్టి, నాలుగు నల్లటి రబ్బరు మూతలు తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త కార్డు సాకెట్లకు దుమ్ము పట్టకుండా కంపెనీవాళ్లే తొడిగి పంపే మూతలు.

"ఇప్పుడే తీశాను బావా. వైరు ఇన్నాళ్లూ పాత సాకెట్లోనే ఉంది. కార్డు కాలిపోయినప్పుడు నువ్వు గుచ్చిందే, మళ్లీ మార్చలేదు. నీ నీలి కార్డు ఈరోజు దాకా ఒక్క బొమ్మ గీయలేదు."

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తెర మీద కారు ఇంజను ఆడుతూనే ఉంది.

గుమ్మంలో నిలబడిన అక్క ఇన్ని నెలల తర్వాత భర్తను సూటిగా ఒక ప్రశ్న అడిగింది. "ఏమండీ, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

ఆయన తెర వంక చూశాడు. మూతల వంక చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి, "ఒకేలా ఉన్నాయి" అన్నాడు. ఎదుటివాళ్ల నోట వినడమే గాని, ఆ మాట ఆయనే అనడం అదే మొదలు.

"మరి వాడు నా గుమ్మం ఎందుకు తొక్కలేదు?" అంది అక్క.

బావ బావమరిది వైపు తిరిగి, "నీ నారింజది ఎలా ఆడుతోందిరా?" అని అడిగాడు.

"ఇంకా పెట్టె విప్పలేదు బావా."

"అదేంట్రా?"

"నాకు మలుపులు చదవడమే వచ్చు. స్టీరింగ్ పట్టుకోవడం రాదు కదా."

అక్క వెళ్లి రెండో కుర్చీ మీద బట్టలు తీసి మంచం మీద పడేసింది. అందులో కొన్ని ఉతికి వారమైంది, ఇప్పుడు నలిగాయి. ఆమె పట్టించుకోలేదు. రంగులవాళ్లు వచ్చి తలుపు కొట్టేసరికి లోపల్నుంచి, "కుడి మలుపు, మెత్తది. తర్వాత గుంట. బ్రేకు బావా, బ్రేకు" అని వినబడుతోంది. వాళ్లను రేపు రమ్మని పంపేసింది.

కాబట్టి చదువరులారా, గ్రాఫిక్స్ కార్డుల తగువు చెడ్డదని ఎవరైనా అంటే నమ్మకండి. బావ ఆ సాయంత్రమే నీలి సైన్యానికి ఒక సందేశం పెట్టాడు. "తప్పయిపోయింది. వేడెక్కకపోవడం, చప్పుడు చేయకపోవడం కార్డు గొప్పతనం కాదు. మీరందరూ ఒకసారి మెషీన్ వెనక్కి వంగి, వైరు ఎక్కడుందో చూసుకోండి." పది నిమిషాల్లో ఆయన నారింజవాళ్లకు అమ్ముడుపోయాడని తేల్చి గ్రూపులోంచి తీసేశారు. ఓటింగ్ కూడా పెట్టారు. అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఒక్కరూ వంగలేదు.

నాకెలా తెలుసంటారా? ఆయన్ను తీసేయాలని ఓటేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన సాక్ష్యం చదివి కొన్న పన్నెండుమందిలోనూ ఉన్నాను. నా కార్డు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎంతసేపు ఆడినా వేడెక్కదు, చప్పుడన్నది ఎరగదు. ఆదివారాలు కూడా ఎంతో ప్రశాంతంగా గడుస్తున్నాయి. పక్క కుర్చీలో బట్టలున్నాయి.