కార్తీక సోమవారం, కొత్త స్టీరియో

"బావా! రొయ్యలిగురు రెడీ! నువ్వు సెప్పినట్టే ఉల్లిపాయ దట్టంగా ఏయించినాను. బారువ నుంచి బయల్దేరిపోతన్నాను. టెక్కలి షాపు కాడికే తెచ్చీమంటావా, ఏటి?"

ఆఖరి కార్తీక సోమవారం ఉదయం. పలాస దాటి నందిగాం ఇంకా రాలేదు. రింగు మోత తగ్గిద్దామని ఉమాపతి స్టీరింగ్ మీద బటన్ నొక్కగానే, హైవే మీద నిదానంగా పోతున్న ఆయన నల్ల జర్మనీ కారులో స్పీకర్లన్నీ కలిసి ఒక్కసారిగా ఈ మాటలు అరిచాయి. అద్దాలు అదిరాయి. పక్కన వెళ్తున్న కొబ్బరికాయల లారీ డ్రైవరు తల బయటపెట్టి మరీ కారులోకి చూశాడు. అతని మొహంలో ఆకలి కనిపించింది.

ఉమాపతి స్టీరింగ్ మీదున్న బటన్లన్నీ వరుసపెట్టి నొక్కేశాడు. గొంతు ఆగిపోయింది.

ముందు సీట్లో కూర్చున్న సాయిరాం వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన అవసరం కూడా లేదు. అత్తగారు జానకి చూపు మెడకి ఎడమవైపు, భార్య మానస చూపు కుడివైపు సూటిగా గుచ్చుకుంటున్నాయి. జానకి పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చీకటిపడి నక్షత్రం కనిపించేదాకా ముట్టదు కూడా.

"అల్లుడుగారూ," అంది జానకి, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే సాయిరాం సీటుబెల్టు బిగించుకున్నాడు. "ఎవరండీ ఆ పెద్దమనిషి?"

ఆ పెద్దమనిషి ఎవరో సాయిరాంకి నిజంగానే తెలియదు. ఆయన గొంతు కారులోకి రావడానికి కారణం మాత్రం తనే. అది బాగా తెలుసు.

ఉమాపతికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఈ కారు ఆయన ఎప్పుడో విశాఖలో రిటైరైన ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. సీట్లకి తోలు, డాష్‌బోర్డుకి నిజమైన చెక్క. వయసు మీదపడినా దర్జా తగ్గలేదు. దాని కంపెనీ స్టీరియో ఒక్కటే బాగా ముసలిదైపోయింది. ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చే ఒక ఒడియా స్టేషన్ తప్ప ఇంకేదీ పట్టేది కాదు. రోజూ అదే విని విని ఉమాపతి ఫ్యాక్టరీలో దిగగానే, బరంపురంలో రేపు వాన పడుతుందో లేదో పప్పు ఒలిచే ఆడవాళ్ళకి చెప్పేవాడు. వాళ్ళకి అక్కర్లేకపోయినా వినేవారు, యజమాని కదా.

ఆ స్టీరియో తీయించి, పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించి, మామగారిని ఆశ్చర్యపరచాలన్నది సాయిరాం ఆలోచన. ఆశ్చర్యం వెనక ఆశ ఉంది. టెక్కలిలో ఉమాపతి ఈ సోమవారమే కొత్తగా హోల్‌సేల్ షాపు తెరుస్తున్నాడు. కార్తీకం మొదటి రోజున దీపం వెలిగించి ఉమాపతి అందరి ముందూ ప్రకటించాడు: "ఈ నెలంతా నీసు ముట్టకుండా, ఉల్లిపాయ కూడా వాసన సూడకుండా ఎవుడు నిష్ఠగా ఉంటాడో, టెక్కలి తాళం ఆడికే." పోటీలో ఇద్దరు. ఒకడు అల్లుడు సాయిరాం, రెండోవాడు మేనల్లుడు శరత్ చంద్ర. ఆరోజు నుంచీ సాయిరాం బెండకాయ, బీరకాయ, ఆనపకాయ తింటూ బతుకుతున్నాడు. కాశీబుగ్గ చేపల బజారు మీదుగా వెళ్ళాల్సివస్తే ఊపిరి బిగబట్టుకుని బండి తోలుతున్నాడు.

సాయిరాంకి ఏ విషయంలోనూ అనుమానం రాదు. అదే తన బలమని అతను అనుకుంటాడు. అదే జబ్బని మానస అంటుంది.

నిన్న ఆదివారం సాయంత్రం, కారు కడిగించుకొస్తానని చెప్పి కాశీబుగ్గలో కార్లకి స్టీరియోలు బిగించే ఎడ్విన్ షాపుకి తీసుకెళ్ళాడు. ఎడ్విన్ చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా మార్చుకుని, డాష్‌బోర్డులోకి టార్చి వేసి చూసి పెదవి విరిచాడు.

"బావా, ఇది మామూలు బండి కాదు. పాతకాలం గొప్పోళ్ళ బండి. స్టీరియో ఒక్కదాన్నీ పీకీడానికి అవదు. బటన్లు, స్పీకర్లు అన్నీ దానికే తగిలించీసినారు."

"అవుద్ది. నేను వీడియో చూశాను," అన్నాడు సాయిరాం.

వీడియో చూసినవాడితో వాదించి లాభంలేదని ఎడ్విన్‌కి అనుభవం. పని మొదలుపెట్టాడు. పాత స్టీరియో బయటికి రావాలంటే దాని కింద ఉన్న సిగరెట్ బూడిద డబ్బా ముందు తీయాలి. తీశాడు. చెక్క పలక తీశాడు. చీకటిపడే వేళకి కొత్త స్క్రీన్ పెళ్ళికొడుకులా వెలిగిపోతూ కూర్చుంది.

"మూడు సంగతులు సెప్తాను, జాగర్తగా ఇను," అన్నాడు ఎడ్విన్. "ఒకటి, అసలు ఆంప్లిఫయర్ డిక్కీలో ఉంది, అది మన మాట ఇనదు, సౌండు గట్టిగానే వస్తాది. రెండు, స్టీరింగ్ బటన్లు అటూ ఇటూ అయిపోనాయి. సౌండు తగ్గించీది నొక్కితే ఫోన్ ఎత్తుతాది, పెంచీది నొక్కితే పెట్టేస్తాది. దానికో చిన్న డబ్బా విశాఖ నుంచి రావాలి. మూడు, ఫోను కూడా కలిపీసి టెస్టు సేసినాను. తీసినవన్నీ ఎక్కడివక్కడ పెట్టీసినాను."

సాయిరాం ఈ మూడింటిలో ఒక్కటీ సరిగ్గా వినలేదు. ఆ స్క్రీన్‌లో అతని మొహం చాలా బాగా కనిపిస్తోంది. ఫోను కలిపానన్న మాట మాత్రం చెవిన పడింది. అతని ఫోను అప్పుడు ఎడ్విన్ బల్ల మీద ఛార్జింగ్‌లో ఉంది. దాన్నే కలిపాడని అనుకున్నాడు. అతనికి అనుమానం రాదని ముందే అనుకున్నాం కదా.

ఈ ఉదయం ఉమాపతి కారెక్కి కొత్త స్క్రీన్ చూశాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. ముందు వంగి, స్క్రీన్ కింది బూడిద డబ్బా లాగి లోపలికి తొంగి చూశాడు. చూసి, గట్టిగా ఊపిరి వదిలి, డబ్బా మూసేశాడు. ఆయన సిగరెట్ తాగడు. ఫిటింగ్ ఎంత నీటుగా ఉందో చూస్తున్నారని సాయిరాం పొంగిపోయాడు.

ఇప్పుడు ఆ పొంగు పూర్తిగా దిగిపోయింది.

"కార్తీక సోమవారం పూట!" ఉమాపతి స్టీరింగ్ మీద కొట్టాడు. "రొయ్యలు! అదీ ఉల్లిపాయతోటి! ఏటి సాయిరాం, ఇదేనా నీ నిష్ఠ?"

"నాకేటి సంబంధం మావయ్యా? ఆడు బావా అన్నాడు. మన వైపు ఎవుడు ఎవుణ్ణి బావా అనడు? మొన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా బావా అనే నా బండి ఆపాడు."

"స్టీరియో ఎవరు పెట్టించారు?" వెనక నుంచి మానస అడిగింది.

"నేనే."

"దానికి కలిపిన ఫోను ఎవరిది?"

"నాదే," అన్నాడు సాయిరాం, ఎప్పటి ధీమాతోనే. అన్నాక గానీ ఆ మాట ఎటు పోయిందో అర్థం కాలేదు.

గబగబా జేబులోంచి ఫోను తీసి చూపించాడు. పొద్దుటి నుంచి ఒక్క కాల్ కూడా రాలేదు. మానస చూసింది. ఆమె మొహం కొంచెం తేటపడబోయింది.

"తుడిచీసుంటాడు," అన్నాడు ఉమాపతి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఏవండీ, నాక్కూడా చెప్పకుండా తింటున్నారా?" అంది మానస. "మీకోసం నెలరోజులుగా నేనూ ఉల్లిపాయ మానేసి చస్తున్నాను. పెరుగుపచ్చడి కూడా చప్పగా తింటున్నాను."

"నీ మీదొట్టు మానసా..."

"నా మీద ఒట్లు వద్దు. రొయ్యల మీద వేసుకోండి."

జానకి చెయ్యి ముందుకు చాచింది. సాయిరాం ఫోను ఇచ్చేశాడు. ఆమె దాన్ని ఆఫ్ చేసి, తన పట్టుసంచిలో, పూలదండ పక్కన పడేసింది. కొంచెం ఆలోచించి, న్యాయం అందరికీ ఒకటే అని మానస ఫోను, తన ఫోను కూడా ఆఫ్ చేసి లోపల వేసింది.

"మీదీ ఇచ్చీండి," అంది భర్తతో.

"తీసుకో, తీసుకో! నా దగ్గర దాచీదేటుంది?" ఉమాపతి ఎంత హుషారుగా ఫోను ఇచ్చాడంటే, ఇంట్లో ఏ వస్తువునీ ఆయన ఎన్నడూ అంత తేలిగ్గా వదిలింది లేదు.

నాలుగు ఫోన్లూ సంచిలో చచ్చి పడున్నాయి. కారు నందిగాం దాటింది.

అప్పుడు స్పీకర్లు మళ్ళీ మోగాయి.

ఈసారి ఉమాపతి ఏ బటనూ ముట్టుకోలేదు. చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. రింగు మోగుతూనే ఉంది. రోడ్డు పక్క మేకలు చెల్లాచెదురయ్యాయి. స్క్రీన్ మీద నంబరు చూద్దామని మానస ముందుకు వంగింది. ఆమె కళ్ళకి నంబరు ఆనేలోపే ఉమాపతి భుజం మీది కండువా తీసి స్క్రీన్ మీద కప్పేశాడు.

"సూడకమ్మా! అది మనిషి కాదు!"

"మరేటి?" జానకి లేచి నిలబడినంత పనిచేసింది.

"ఫోన్లన్నీ ఆఫైపోయి నీ సంచిలో ఉన్నాయి. మరి ఎవరికి మోగతంది? ఈ బండి అమ్మిన ఆఫీసరుగారు రొయ్యలంటే ప్రాణం పెట్టీవోరు. పోనారు పాపం, మొన్న ఏడాది. ఆ కోరిక ఇంకా బండిని ఒగ్గలేదు."

జానకి రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. రింగు ఆగింది. దాంతో ఉమాపతి సిద్ధాంతానికి బలం వచ్చింది. సాయిరాం కూడా క్షణంపాటు నమ్మాడు. తర్వాత ఒక్క చిన్న సందేహం కలిగింది. పుట్టి బుద్ధెరిగాక అతనికి వచ్చిన మొదటి సందేహం అదే. చచ్చిపోయిన ఆఫీసరుకి టెక్కలిలో షాపు తెరుస్తున్న సంగతి ఎలా తెలిసింది?

టెక్కలిలో షాపు ముందు మామిడాకుల తోరణాలు, షామియానా, వందమంది దాకా జనం. పురోహితుడు అప్పుడే ఆసనం వేసుకున్నాడు. శరత్ చంద్ర కొత్త పంచె కట్టుకుని, తాళం అందుకునే చెయ్యి ఏదో ముందే తేల్చుకున్నవాడిలా ఉన్నాడు. ఉమాపతి దిగుతూ అతని భుజం తట్టాడు. దాని అర్థం చూసినవాళ్ళందరికీ తెలిసింది.

"ఆ దెయ్యాల పెట్టెలో భక్తిపాటలైనా వస్తాయేటి? పెట్టు, జనం ఇంటారు," అని సాయిరాంకి పని అప్పజెప్పి ఉమాపతి లోపలికి వెళ్ళాడు.

సాయిరాం కండువా తీసి రేడియోలో శివస్తోత్రాలు పెట్టాడు. కారు తలుపులు తెరిచే ఉన్నాయి, వీధంతా మార్మోగిపోయింది. ముందద్దానికి ఎడ్విన్ తన షాపు స్టిక్కరు అంటించాడు, దాని మీద నంబరుంది. తన ఫోను అత్తగారి సంచిలోనే ఉండటంతో సాయిరాం శరత్ చంద్రని ఫోను అడిగి తీసుకుని, షామియానా వెనక్కి వెళ్ళి డయల్ చేశాడు.

"ఎడ్విన్, నిన్న ఏ ఫోను కలిపావు?"

"డబ్బాలో ఉన్నదే బావా."

"ఏ డబ్బా?"

"బూడిద డబ్బా. స్టీరియో తీయడానికి అది లాగితే లోపల చిన్న బటన్ ఫోన్ దొరికింది. ఓనరుది కదా అని కలిపీసి, మళ్ళీ అక్కడే పెట్టీసినాను. సెప్పినాను కదేటి?"

"బటన్ల సంగతి మళ్ళీ ఒకసారి చెప్పు."

ఎడ్విన్ చెప్పాడు. ఈసారి సాయిరాం ఒక్క ముక్క వదలకుండా విన్నాడు.

కారు దగ్గరికొచ్చి బూడిద డబ్బా లాగాడు. లోపల అరచేతిలో సగం ఉన్న నల్లటి ఫోను, పచ్చటి లైటు మినుకుమినుకుమంటోంది. వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఉమాపతి.

మామా అల్లుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"అల్లుడూ," ఉమాపతి గొంతు నేతిలా మెత్తబడింది. "నా ప్రెజరంటే మాత్రేసుకుంటే తగ్గుతాది గానీ, మీ అత్తకి తెలిస్తే నా ప్రాణం మిగల్దు. ఆ రొయ్యలు నీవే అని ఒప్పీసుకో. తాళం నీదే."

"మరి నిష్ఠ?"

"తప్పు ఒప్పుకోవడం కూడా నిష్ఠే. నేను సెప్తాను కదా జనానికి."

సాయిరాం డబ్బా మూశాడు. ఉమాపతి దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

కొబ్బరికాయ కొట్టారు. ఉమాపతి తాళం పైకెత్తి పట్టుకుని, గంభీరంగా, అల్లుడు కార్తీకంలో చిన్న తప్పు చేశాడనీ, నోరు చంపుకోలేని వయసనీ, దాచకుండా ఒప్పుకున్నాడనీ, అలాంటి నిజాయితీ ఉన్నవాడి చేతిలో వ్యాపారం చల్లగా ఉంటుందనీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. శరత్ చంద్ర పంచె కుచ్చిళ్ళు సర్దుకున్నాడు. తాళం సాయిరాం చేతిలో పడింది. పసుపు రాసిన, బరువైన ఇత్తడి తాళం.

నెలరోజులుగా కోరుకున్నది అదే. కానీ మానస అతని వైపు చూడటం లేదు. షామియానా గుంజ పట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. జానకి అల్లుడు నిలబడ్డ చోటు నుంచి రెండడుగులు పక్కకి జరిగింది, నీసు అంటుతుందేమోనన్నట్టు.

అప్పుడే కారులో స్తోత్రం తెగిపోయింది. రింగు మొదలైంది. వీధి చివరి టీకొట్టు దాకా వినిపించేంత గట్టిగా.

ఉమాపతి మొహం సున్నం కొట్టినట్టయింది. పురోహితుడు చెవులు మూసుకుని అరిచాడు: "ఆ మోత తగ్గించండి బాబూ! మంత్రం నాకే వినిపించడంలేదు!"

"నేను తగ్గిస్తాను," అన్నాడు సాయిరాం.

తాళం జాగ్రత్తగా లోపలి జేబులో వేసుకున్నాడు. నెమ్మదిగా నడిచి కారు దగ్గరికి వెళ్ళాడు. స్టీరింగ్ మీద రెండు బటన్లు. ఒకటి పెంచేది, ఒకటి తగ్గించేది. మానస వైపు ఒక్కసారి చూసి, ఏ అనుమానమూ లేకుండా తగ్గించేది నొక్కాడు.

"ఉమాపతి బావా! ఎన్నిసార్లు సేసినా ఎత్తవేటి? నాను, పోలారావుని. కేరేజీ అట్టుకొని షాపు యెనకాల నిలబడున్నాను. పోయిన సోమవారం లాగ సల్లారనీకు, జానకమ్మ సూడకుండా బేగి వచ్చీ!"

సౌండు మాత్రం తగ్గలేదు.