అకారాది క్రమంలో ఒక బెంచీ

మనిషి ఇంతవరకు తయారుచేసిన వస్తువులన్నిటిలోకీ బెంచీ మీదే అపోహలు ఎక్కువ. అది కూర్చోవడానికి పనికొస్తుందని బాగా చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. మా పరోపకార మిత్రమండలి పద్నాలుగు నెలల పాటు ఒక్క రోజు సెలవు తీసుకోకుండా (శనివారాలు, ఆదివారాలు, అధ్యక్షులవారి వియ్యంకుడు ఊళ్ళో ఉన్న రోజులు మినహా) కృషి చేసి ఈ అపోహను తొలగించింది. మండలి మాసపత్రిక సంపాదకుడిగా ఆ కృషిని అక్షరబద్ధం చేసే భాగ్యం నాకు దక్కింది.

మండలిలో నలభై ఇద్దరం సభ్యులం. మా నినాదం "ముందు స్నేహం, తర్వాత సేవ". మొదట్లో ఇది తిరగేసి ఉండేది. లెటర్‌హెడ్లు అచ్చువేసినాయన పొరపాటున తారుమారు చేశాడు. అన్ని కాగితాలు పారేయడం దుబారా కాబట్టి కాగితాల ప్రకారం మేమే మారాం.

అధ్యక్షులవారు పళ్ళ డాక్టరు. ఎదుటివాడు నోరు తెరిచాడంటే జవాబు చెప్పలేడన్న ధీమా ఆయనకు వృత్తిరీత్యా వచ్చింది. కార్యదర్శి రిటైరైన స్టేషన్ మాస్టరు. సమావేశం మొదలవడానికీ ముగియడానికీ గంట కొడతారు. ఆయన గంట కొట్టాక మాట్లాడినవాడు బండి తప్పిపోయినవాడి కింద లెక్క.

ఇక అసలు సంగతి మా మేనత్తతో మొదలైంది. కోట్లు కుట్టే షాపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా చేత్తో కాజాలు కుడుతోంది. అందరూ ఆమెను కాజాలత్తయ్య అనే పిలుస్తారు, ఆ షాపు యజమానితో సహా. మెషీన్ మీద కుట్టిన కాజా చూస్తే ఆమెకు ఒళ్ళు మంట. "కళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నట్టు ఉంటుందిరా అది" అంటుంది.

సాయంత్రం అయిదింటికి షాపు కట్టేస్తారు. ఎదురుగా ఉన్న స్టాపుకు ఆమె బస్సు అయిదూ నలభైకి వస్తుంది (అని టైంటేబుల్లో ఉంది. బస్సు ఆ టైంటేబుల్ చదివినట్టు ఆధారాలు లేవు). మోకాళ్ళ డాక్టరు మాత్రం పది నిమిషాలకు మించి నిలబడితే ఇక కత్తి పట్టాల్సిందేనన్నాడు. స్టాపులో ఒక పిట్టగోడ ఉండేది, అంచులు విరిగి, పక్కకు ఒరిగి. అత్తయ్య దాని మీదే కూర్చునేది. ఒక రోజు మా ఇంటికొచ్చి అడిగింది.

"ఒరేయ్, మీరేదో సేవలూ అవీ చేస్తారటగా. ఆ స్టాపులో ఒక బెంచీ వేయించకూడదూ? గోడ మీద కూర్చుంటే లేవడం గగనమైపోతోంది."

"దానికేముంది అత్తయ్యా!" అన్నాను.

"ఏముందో నీకు తెలీదు. మొన్న రెండ్రోజులు రాలేకపోయేసరికి షాపాయన కాజాల మెషీన్ ధర కనుక్కున్నాడు. నేను నిలబడకుండా ఉంటేనేరా నా ఉద్యోగం నిలబడేది."

నేను ప్రతిపాదించాను. మండలి కరతాళ ధ్వనుల మధ్య ఆమోదించింది. వారం తిరక్కుండానే మొదటి దశ పూర్తిచేశాం. అంటే, బెంచీకి చోటు కావాలి కాబట్టి పిట్టగోడ కూలగొట్టాం. మొదటి దెబ్బ అధ్యక్షులవారు వేశారు. ఫొటో చాలా బాగా వచ్చింది, ముఖచిత్రంగా వేశాను. ఫొటోలో ఓ మూల చేతిసంచీతో నిలబడి ఉన్నది మా అత్తయ్యే.

రెండో దశ, నిధుల సేకరణ. "కూర్చోవడం కోసం నడక" అనే కార్యక్రమం పెట్టాం. జనం ఊరు చుట్టి వచ్చి కాళ్ళు పీకుతున్నాయని కూలబడటానికి చోటు వెతుక్కున్నారు, అలా బెంచీ ఆవశ్యకత అందరికీ ఆచరణలో తెలిసింది. అత్తయ్య ఆ రోజు ముఖ్య అతిథి. వేదిక మీద ఆరు కుర్చీలు, కార్యవర్గం ఆరుగురు. ఆమెను కూడా కూర్చోబెడదామని కార్యదర్శిగారి చెవిలో వేశాను. ఆయన అధ్యక్షులవారి చెవిలో వేశారు.

"భలేవాడివయ్యా! ఆవిడ కూర్చుంటే జనానికి సమస్య ఎలా తెలుస్తుంది?" అన్నారు అధ్యక్షులవారు.

సమస్య ఒక గంటా పది నిమిషాలు నిలబడింది. (సమయం కార్యదర్శిగారు నమోదు చేశారు.)

బెంచీ వచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి, ముచ్చటగా ఉంది. వెడల్పాటి వీపుబల్ల, నున్నగా తోమిన చేతులు, నలుగురు సుఖంగా కూర్చోవచ్చు. వీపుబల్లకు తెల్ల రంగు వేసి, దాని మీద దాతల పేర్లు నల్ల రంగుతో, అకారాది క్రమంలో రాయించాలని తీర్మానమైంది. హెచ్చుతగ్గులు ఉండకూడదని ఈ ఏర్పాటు. బోర్డులు రాసే పెయింటరు వచ్చి పదకొండు పేర్లు రాసి, పక్కన ఒక పలక పాతాడు. "తడి రంగు. కూర్చోరాదు." మూడు రోజుల్లో ఆరుతుందన్నాడు.

రెండో రోజు పన్నెండో దాత వచ్చాడు.

కళ్ళద్దాల షాపాయన. ఆయన పేరు 'ఆ'తో మొదలవుతుంది. అకారాది క్రమంలో ఆయన రెండో స్థానంలో ఉండాలి. అంటే కింది పది పేర్లూ ఒక్కో మెట్టు దిగాలి. పెయింటరు గరుకు కాగితంతో మొత్తం గీకి, మళ్ళీ తెల్ల రంగు వేసి, మళ్ళీ రాశాడు. మళ్ళీ మూడు రోజులు.

"ఏరా, మీ బెంచీ ఆరిందా?" అని అత్తయ్య ఫోను.

"గురువారానికి అత్తయ్యా" అన్నాను.

గురువారం దాతలంతా తమ పేర్లకు ముందు 'శ్రీ' లేదని అలిగారు. సరే, పెట్టించాం. అప్పుడు కార్యదర్శిగారికి ఒక ధర్మసందేహం వచ్చింది. అందరికీ శ్రీ పెట్టాక అందరూ 'శ'లోకే వచ్చారు కదా, ఇక క్రమం ఏముంది? అధ్యక్షులవారు మాత్రం డాక్టరు కనుక 'డ'లో ఉండి, ఎవరి ప్రమేయం లేకుండా అందరికంటే పైకి చేరుకున్నారు. ఆయన ఇందులో తన ప్రయత్నం ఏమీ లేదనీ, అంతా వర్ణమాల దయ అనీ వినయంగా చెప్పారు.

సభ్యులు ఊరుకుంటారా? మరుసటి వారం పరుపుల షాపాయన 'అజాతశత్రు' అనే బిరుదుతో వచ్చాడు. (ఆయనకు ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగినవాళ్ళందరితో ఆయన పోట్లాడాడు.) దాని మీద కళ్ళద్దాలాయన 'అఖండ' పెట్టుకున్నాడు. నిఘంటువులో 'ఖ' ముందా 'జ' ముందా అని వెతికి మరీ పెట్టుకున్నాడు. ఆ పైవారం పరుపులాయన 'అంకితభావ' అయ్యాడు.

ఇక్కడ మండలి చరిత్రలోకెల్లా లోతైన చర్చ జరిగింది. చిన్నప్పుడు పలక మీద దిద్దుకున్న వరసలో 'అం' చివరెక్కడో ఉంటుంది. నిఘంటువులో చూస్తే మొట్టమొదట ఉంటుంది. బెంచీ పలక కిందికొస్తుందా, నిఘంటువు కిందికొస్తుందా? అయిదుగురితో సున్నా ఉపసంఘం వేశాం. అది ఆరు సమావేశాల్లో తేల్చినది తన పేరుకు తగ్గట్టే ఉంది. అయినా స్నేహం మాత్రం బాగా పెరిగింది. ప్రతి సమావేశం తర్వాత అందరం కలిసి భోంచేశాం.

ఈలోగా రెండు పక్షాల తృప్తి కోసం ఒక వారం 'అం' పైన, ఒక వారం కింద. వారం మధ్యలో కొత్త దాతలు చేరేవారు, రంగు ఆరే వ్యవధే ఉండేది కాదు. పెయింటరు అక్కడే మకాం పెట్టాడు. ఒకసారి నేను ఆగి, "విసుగనిపించడం లేదా?" అని అడిగాను.

"నాకేం సార్! మీరు చేరుతూ ఉండండి, నేను చెరుపుతూ ఉంటాను" అన్నాడు.

అత్తయ్య ఆ బెంచీ పక్కనే రోజూ నలభై నిమిషాలు నిలబడేది. ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు. నాకు ఫోను చేయడం మానేసింది. ఎప్పుడైనా ఎదురుపడితే "ఆరిందా?" అనేది, అంతే. నేను "గురువారానికి" అనేవాణ్ణి. బెంచీ అడిగినందుకు ఉన్న గోడ పోయింది. ఆ మాట ఆమె ఒక్కసారీ అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం బస్సు గంట దాటినా రాలేదు. అత్తయ్య పలక చదివింది. బెంచీ చూసింది. కూర్చుంది. కూర్చోవడమే కాదు, హాయిగా వెనక్కి చేరగిలబడింది కూడా.

బస్సు వచ్చాక లేస్తే ఒంటి మీది బూడిదరంగు కోటు బెంచీ నుంచి చర్రుమని ఊడి వచ్చింది. ఇరవై ఆరు పేర్లు, బిరుదులతో సహా, ఆమె వీపు మీదికి దిగాయి, తిరగేసి. బస్సులో వెనకవాళ్ళు చదవడానికి శతవిధాలా ప్రయత్నించి ఏదో మందుల కంపెనీ ప్రకటన అనుకున్నారట. అంటుకుంటుందని అందరూ దూరం జరగడంతో, చాలా ఏళ్ళ తర్వాత, ఆమెకు సీటు దొరికింది.

తెల్లారి కళ్ళద్దాలాయన యథాప్రకారం తన పేరు చూసుకోవడానికి వచ్చాడు. 'అఖండ'లో 'ఖండ' మాత్రమే మిగిలి ఉంది. అత్యవసర సమావేశం పెట్టారు.

అత్తయ్యను పిలిపించారు. కోటు బల్ల మీద పరిచారు. ఆమె గోడకు చెయ్యానించి నిలబడింది. మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. (సభ్యులు కానివారికి కుర్చీలు వేయరాదని నిబంధన 17 చెబుతోంది.)

"అమ్మా, అక్కడ పలక ఉంది. చదవలేదా?" అన్నారు అధ్యక్షులవారు.

"చదివానయ్యా. నెలల తరబడి అదేగా చదువుతున్నా. కంఠతా వచ్చేసింది."

"మరి తెలిసీ ఎందుకు కూర్చున్నారు?"

"నాకు తెలుసు బాబూ. మోకాలికి చదువు రాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కార్యదర్శిగారు గంట మీద చెయ్యి వేశారు. అధ్యక్షులవారు తీర్మానం చదివారు. దాతల పేర్లు బెంచీ మీద ఉండాలి. ప్రస్తుతం అవి ఈ కోటు మీద ఉన్నాయి. కావున కోటు బెంచీలో భాగం. కావున కోటు మండలి ఆస్తి.

"కోటు కావాలా? తీసుకోండి. ఒక గుండీ కాజా వదులైంది, అది బిగించి ఇస్తాను" అంది అత్తయ్య. "ఆ గోడ ఉందే, పాతది. అది మళ్ళీ కట్టించి పుణ్యం కట్టుకోండి. దాని మీద ఎవరి పేరూ ఉండేది కాదు."

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నిజం, లేచాను. ఆమె అడిగింది కూర్చోవడానికి జానెడు చోటు, ఇన్ని నెలలుగా మనం చేసిందేమిటని అందరి ముందూ కడిగేద్దామనుకున్నాను. నోరు తెరిచాను. గంట మోగింది.

మండలి నిబంధనల ప్రకారం, తీర్మానం చదివాక ముందుగా లేచి నిలబడినవారు దాన్ని బలపరిచినట్టు లెక్క. మినిట్సులో అలాగే రాసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

కోటు ఇప్పుడు మండలి హాల్లో అద్దాల చట్రంలో ఉంది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి కనుక ఎదురుగా నిలువుటద్దం పెట్టాం. (అద్దానికీ దాత ఉన్నారు. పేరు అద్దం మీదే రాయించాం, చాలా పెద్దగా, అందువల్ల అందులో ఇంకేమీ కనబడదు.) బెంచీకి కొత్తగా రంగు వేయించి, ఇలాంటి దుర్ఘటన మళ్ళీ జరగకుండా చుట్టూ గొలుసు కట్టాం. పలక కూడా మార్చాం. "ఇది ప్రజలు కూర్చోవడానికి దాతలు ఇచ్చిన బెంచీ. దయచేసి నిలబడి చదవండి."

అత్తయ్య మోకాలి వాపు మూడు వారాలు దిగలేదు. రెండో వారంలో షాపాయన కాజాల మెషీన్ తెప్పించాడు. రిబ్బను కత్తిరించింది మా అధ్యక్షులవారే. మొదటి కాజా తన కోటుకే కుట్టించుకున్నారు. నేను దగ్గరగా వెళ్ళి చూశాను. కళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నట్టే ఉంది.

వార్షిక సంచికలో బెంచీ నివేదిక నేనే రాశాను. చివరి పేరా ఇది: "ఈ పథకం లక్ష్యం ఒక శ్రామిక మహిళ నిలబడే అవస్థ తప్పించడం. లక్ష్యం నూటికి నూరుపాళ్ళు నెరవేరింది. ఆమె ఇప్పుడు రోజంతా ఇంట్లో కూర్చునే ఉంటున్నారు."

సంచిక పట్టుకెళ్ళి ఇచ్చాను. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, మొత్తం చదివింది.

"'ఉంటున్నారు' అని గౌరవంగా రాశావురా" అంది. "సంతోషం."