ఇంకా తొమ్మిదే

మంగళవారం పొద్దున ఆసుపత్రి తలుపు తీస్తూనే నర్సు అలినాఫే ఒక నిశ్చయానికి వచ్చింది. ఇవాళ ఒక్క మనిషి వచ్చినా సరే, పది డోసుల కోవిడ్ టీకా సీసా తెరవాల్సిందే. మలావీ సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్లో మూడు వారాలుగా ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఆ సూది పొడిపించుకుంటే రెండేళ్లలో పోతారని గ్రామపెద్ద చిలింబా చాటించాడు. ఊరు నమ్మింది.

తొమ్మిదింటికి పడవ నడిపే మయేసో వచ్చాడు. కూలికి సరిహద్దు దాటాలంటే టీకా కార్డు అడుగుతున్నారట. అతనికి వేశాక సీసాలో తొమ్మిది డోసులు మిగిలాయి. మూడింటిలోగా వాడకపోతే పారబోయాలి. అలినాఫే గుమ్మంలోకి పరుగెత్తింది. నెత్తిన చేపల బుట్టతో ఎస్నాత్ సంతకు పోతోంది.

"అక్కా, ఇంకా తొమ్మిదే ఉన్నాయి! మూడింటిలోపు అందరినీ రమ్మను!"

ఏవి తొమ్మిదో అడిగే తీరిక ఎస్నాత్‌కు లేదు. విన్నది విన్నట్టే సంతలో చెప్పింది. ఎండుచేపల వరుస దాటేసరికి అవి తొమ్మిది పిండి బస్తాలయ్యాయి. టమాటాల దగ్గరికొచ్చేసరికి తొమ్మిది దోమతెరలయ్యాయి. దోమతెరలో సన్నచేపలు బాగా పడతాయి. సగం సంత లేచి ఆసుపత్రికి పరుగెత్తింది, వెనకే బుట్టతో ఎస్నాత్ కూడా.

"తెరలేవీ?" అంది ముందొచ్చిన టమాటాల దోరికా, రొప్పుతూ.

"తెరలేంటి? టీకాలు!"

వెనకున్నవాళ్లు మెల్లగా వెనక్కి అడుగేశారు. దోరికా ఎస్నాత్ మీద విరుచుకుపడింది. "ఎండలో ఊరంతటినీ పరిగెత్తించావు గదే!"

"నేను తొమ్మిదనే అన్నా. తెరలు అల్లింది నువ్వు!"

అందరూ తననే చూస్తుంటే ఎస్నాత్‌కు తల కొట్టేసినట్టయింది. బుట్ట దించి, బెంచీ మీద కూర్చుని, చెయ్యి చాపింది. "నా ముగ్గురు పిల్లలకూ తట్టు టీకా వేసింది ఈ పిల్లేగా! ముగ్గురూ గుండ్రాళ్లలా ఉండి రోజూ నా ప్రాణం తోడేస్తున్నారు. వెయ్యమ్మా."

"రేపు జ్వరం రావచ్చు అక్కా. ముందే చెబుతున్నా."

"వస్తే ఒక పూట వంట తప్పుతుంది. వెయ్యి."

సూది దిగింది. ఎస్నాత్ పడిపోలేదు సరికదా, దోరికాను తిట్టడం ఆపిన చోటి నుంచే మొదలుపెట్టింది. అది చూశాక దోరికా కూర్చుంది. ఆమె వెనక వరస కట్టారు. సీసా ఖాళీ అవగానే తర్వాతి మనిషి మండిపడ్డాడు. "మేమేం పాపం చేశాం? ఇంకోటి తెరువు!"

మూడయ్యేసరికి ఫ్రిజ్‌లోని నాలుగు సీసాలూ అయిపోయాయి. అప్పుడొచ్చాడు చిలింబా, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని.

"నాదేదమ్మా?"

"అయిపోయాయి పెద్దయ్యా. వచ్చే మంగళవారం రండి."

చేతులకు దూది అదుముకున్న ఊరంతా ఆయనను జాలిగా చూసింది.

మర్నాడే చిలింబా జిల్లా కచేరీకి ఫిర్యాదు రాశాడు, తన ఊరికి చాలినన్ని టీకాలు పంపడం లేదని.