నీలం కుర్చీ, మాన్వి బస్టాండు

ఆషాఢ మాసాన్ని కనిపెట్టినవాడికి పెళ్ళయి ఉండదు. అయినా కొత్తగా అయి ఉండదు. ఇది నేను సొంతంగా ఏడుస్తూ చేసిన పరిశోధన.

నా పేరు ధర్మతేజ. కర్ణాటకలోని తుర్విహాళ దగ్గర ఒక క్యాంపులో మాకు ఆరెకరాల వరి ఉంది. మా తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద పాతుకుపోయిన ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మా ఆవిడ నేత్రది రాయచూరు అవతల, గట్టిగా తుమ్మితే తెలంగాణలో వినపడే ఊరు. డిగ్రీలో కలిశాం. ఇరువైపుల పెద్దల్నీ ఒప్పించి పెళ్ళి చేసుకున్నాం.

మా పెళ్ళిలో పెద్దలు ఒక్క విషయంలోనూ ఏకీభవించలేదు. మావాళ్ళు గోంగూర అంటే వాళ్ళు జొన్నరొట్టె అన్నారు. మావాళ్ళు పెందలాడే ముహూర్తం అంటే వాళ్ళు పొద్దెక్కాక అన్నారు. పెళ్ళయిన నలభై ఒకటో రోజున ఆషాఢం వచ్చింది. అప్పుడు మాత్రం చేతులు కలిపారు.

"అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు" అంది మా అమ్మ బసవమ్మ.

"అత్త దాటిన గడప అల్లుడు తొక్కొద్దు" అంది ఫోన్లో మా అత్తగారు చెన్నవ్వ.

"మరి నేనేం చేయాలి?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకోవాలి" అంది అమ్మ.

ఆ ఉదయం నేత్ర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి గేటు దగ్గర వేసుకుని ఆటో కోసం కూర్చుంది. ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని నేను నా బాధంతా చెబుతున్నాను. సగంలో ఉండగా ఆటో వచ్చింది. మిగతా సగం ఆ కుర్చీకి చెప్పాను.

నిజానికి నాకు కావలసింది ఒక్క మాట. 'నువ్వు లేక బెంగగా ఉంది' అని. నేను రోజుకు పదిహేడు సార్లు అంటాను. ఆవిడ నలభై ఒక్క రోజుల్లో ఒక్కసారీ అనలేదు. దూరంగా వెళితే అంటుందేమోనని సాయంత్రం ఫోన్ చేశాను.

"నేత్రా, నేను లేకపోతే ఎలా ఉంది?"

"ఉక్కగున్నది."

"బయట సంగతి కాదు. లోపల?"

"లోపల ఇంక ఎక్కువుంది. ఫ్యాన్ పోయింది."

"నీ మనసులో ఏముంది?"

"అమ్మ పక్కనే ఉన్నది. నారుమడికి నీళ్ళు పెట్టిన్రా? సరే, పెట్టేస్తున్నా."

నీళ్ళు పెట్టమందో, ఫోన్ పెట్టేసిందో తెలిసేలోగా టుంయ్ మంది.

మనసు ఇలా కుతకుతలాడేటప్పుడు నాకు ఒకటే దిక్కు. టిన్ లాడర్స్ అనే ఆల్టర్నేటివ్ రాక్ బృందం. వాళ్ళ 'నీలం కుర్చీ' అనే ఇంగ్లీషు పాటకు నేను ఆరేళ్ళుగా బానిసను. పాటంతా కలిపి రెండే వాక్యాలు. 'నీలం కుర్చీ వానలో తడుస్తోంది. నేను దాన్ని లోపల పెట్టలేదు.' దీన్నే ఇరవై రెండు సార్లు పాడి, చివర గిటారు మీద కోపం తీర్చుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో సింధనూరు బస్సులో ఒక ఇయర్‌ఫోను నా చెవిలో, ఒకటి ఆవిడ చెవిలో పెట్టి ఈ పాట వినిపించాను. ఆ తీగ పొట్టిది కావడంతో ఆవిడ తల నా భుజానికి ఆనింది. జీవితంలో నేను కొన్న వస్తువుల్లో అంత లాభసాటిది మరొకటి లేదు. పాట అయిపోయాక, ఎలా ఉందని అడిగాను.

"తడుస్తుంటే లోపల పెట్టుకోవచ్చు గదా. ఏం పనిలేదా గాయనకు?" అంది.

ఈ పాటకు అర్థమేమిటో అభిమానులు వాదించుకునే వెబ్‌సైటు ఒకటుంది. అందులో తెలుగువాళ్ళం ఒక మూల చాప పరుచుకుని కూర్చున్నాం. అక్కడ నా పేరు 'ఏకాంత కాలువ'; ఆ సంగతి నేత్రకూ గొప్పగా చెప్పుకున్నాను. కుర్చీ అంటే అస్తిత్వం, వాన అంటే కాలం, 'నేను' అంటే నేను కాదు అని పద్నాలుగు పేరాల వ్యాఖ్యానం రాశాను. దాని కింద 'చింతబరిగె' అనే పేరుతో ఎవరో ఒక్క ముక్క రాశారు: 'కుర్చీ అంటే కుర్చీ.'

నాకు ఒళ్ళు మండింది. 'మీకు హృదయం ఉండవలసిన చోట ఇటుక ఉంది' అని రాశాను. 'ఇటుక పనికొస్తుంది' అని జవాబు. 'మీకు ప్రేమంటే తెలియదు, పెళ్ళి కాలేదనుకుంటా' అన్నాను. 'అయింది. ఈమధ్యే తెలిసొస్తోంది' అని మళ్ళీ జవాబు. ఆ కట్టుకున్న మనిషెవరో గాని తలుచుకుంటే జాలేసింది.

సరిగ్గా నేత్ర వెళ్ళిన వారానికి ఆ చాప మీదికి 'ఒంటికప్పు' వచ్చింది. ఊరు అన్నచోట రాయచూరు జిల్లా అని ఉంది. 'రోజూ రెండు కప్పులు కడిగేదాన్ని ఒక్కటే కడుగుతున్నా' అని రాసింది. 'కుర్చీని లోపల పెడితే, ఇక రారని ఒప్పుకున్నట్టు' అని రాసింది.

నేను చదువుతున్నవాణ్ణి చదువుతున్నట్టే లేచి నిలబడ్డాను. మా జిల్లా! ఒంటరితనం! నేత్రే! అమ్మ పక్కనుంటే నోట చెప్పలేక ఇలా పాట కింద చెప్పుకుంటోంది, పిచ్చిది.

తెలియనట్టే మొదలుపెట్టాను. 'ఒంటికప్పు గారూ, రెండో కప్పు కూడా మీకోసం ఎండిపోతోంది.' జవాబు: 'మీరు చాలా లోతుగా చదువుతారు. మీతో ఒకసారి టీ తాగాలనుంది.'

ఇక్కడ నా కుట్ర పుట్టింది. గడప దాటకూడదన్నారు. కలవకూడదని ఎవరూ అనలేదు. మా క్యాంపుకూ వాళ్ళ ఊరికీ మధ్యలో మాన్వి ఉంది. మాన్వి బస్టాండుకు మూడు వైపులా గోడల్లేవు, నాలుగో వైపు గోడ ఉన్నా గడప లేదు!

'శుక్రవారం పదకొండింటికి మాన్వి బస్టాండు. దానికి గడప లేదు. నాది నీలం చొక్కా, చేతిలో మల్లెపూలు' అని అందరూ చదివేచోటే రాసేశాను. 'నా చేతిలో నీలం గొడుగుంటుంది' అని ఒంటికప్పు. 'మీకు వేరే పనుల్లేవా?' అని చింతబరిగె.

శుక్రవారం పొద్దున అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికిరా?"

"మాన్వికమ్మా. పురుగుల మందుకు."

"మందుకు సెంటెందుకురా?"

"వాసనకు సగం పురుగులు దారిలోనే పోతాయని."

ఆ సెంటుకు బస్సులో నా పక్కసీటు మాన్వి దాకా ఖాళీగానే ఉంది.

పదకొండు కొట్టేసరికి రాయచూరు బస్సులు ఆగేచోట నీలం గొడుగు కనబడింది. చినుకుల్లేకపోయినా విప్పి ఉంది. దాని వెనక మనిషి కనబడ్డం లేదు. సిగ్గుపడుతోందనుకున్నాను. మల్లెపూల పొట్లం గొడుగు కిందికి చాచి, "ఎన్నాళ్ళకు!" అన్నాను.

గొడుగు లేచింది. దాని కింద గంధపు బొట్టు, నెరిసిన మీసం, చెవిలో ఇయర్‌ఫోను ఉన్న ఒక పెద్దాయన.

"ఏకాంత కాలువేనా?" అన్నాడాయన సంబరంగా. "నేను జయతీర్థ. ఇక్కడే తాలూకాఫీసులో పని. ననగాగి, నా కోసం పూలు తెచ్చారా? ఎంథ సంస్కారమండీ మీది!"

"ఒంటికప్పు... మీరా?"

"నేనే. మా మనెయవరు, అదే మా ఆవిడ, కూతురి పురుడు బాణంతనానికి మైసూరు వెళ్ళి మూడు నెలలు. మా కొడుకు పాత ఫోను ఇచ్చాడు. అందులో ఈ పాట ఉంది. ఇంగ్లీషు తిట్టులా అనిపించింది గాని, వింటుంటే మా ఆవిడ ఈజీచైరు గుర్తొచ్చిందండీ."

అన్యాయమేమిటంటే ఆయన రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. 'కడిగేదాన్ని' అన్నది కన్నడాయన తెలుగులో జారిన తప్పు. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆయన్ను ఆడమనిషిని చేసుకున్నవాణ్ణి నేను. ఆయన రెండు చేతులతో పూలు అందుకున్నాడు. నేను వదల్లేదు. ఆయనా వదల్లేదు. సరిగ్గా అప్పుడు రాయచూరు బస్సు ఆగింది.

"యాడున్నది? యాడున్నదామె?" అంటూ దిగింది మా అత్తగారు. వెనకే నేత్ర, రెండు చేతులూ కట్టుకుని, నవ్వాపుకుంటూ.

"అత్తయ్యా! మీరిక్కడ..."

"నీ పెండ్లాం చెప్పింది, అల్లుడు ఎవరికో మల్లెపూలు ఇయ్యనీకి మాన్వికి వస్తుండని. ఏదీ, గా మహాతల్లి ఎవరు?"

మల్లెపూలు పట్టుకుని జయతీర్థగారు వినయంగా నమస్కారం పెట్టారు.

మా అత్తగారు ఆయన్నొకసారి, నన్నొకసారి చూసింది. "గిదేందే నేత్రా, ముసలాయన గదా!" అంది. కోపంగా వచ్చిన మనిషికి కోపం పెట్టుకునే చోటు దొరక్క పక్కనున్న బెంచీ మీద కూలబడింది.

నేత్ర ఫోన్ తీసింది. తల్లి ముందు నన్ను 'మీరు' అంటుంది. ఆవిడ 'మీరు' అన్నప్పుడల్లా నాకు భయం.

"'మీకు హృదయం ఉండవలసిన చోట ఇటుక ఉంది.' గిది ఎవరు రాసిండ్రు మీకు తెలుసా?"

"అది ఒక మూర్ఖుడికి రాశాను. చింతబరిగె అని..."

అంటూండగానే ఆ పేరు నా చెవిలో మళ్ళీ పడింది. మా క్యాంపులో బెత్తాన్ని బరికె అంటాం. బరిగె అనేది ఎవరు?

"ఆ మూర్ఖురాలిని నేనే. ఫస్టు ఫోన్ చేసిన దినమే రాసిన. మీరు ఇన్ని దినాలు ఈ సారుకు కవిత్వం పంపిన్రు, నన్ను ఇటుక అన్నరు."

"మరి 'కుర్చీ అంటే కుర్చీ' అని అంత మొండిగా రాస్తే నాకెలా తెలుస్తుంది?"

"ఎందుకని అడిగిండ్రా? ఒక్కసారన్న?"

అడగలేదు. పద్నాలుగు పేరాలు రాసినవాడికి అడిగే తీరిక ఎక్కడిది?

నేత్ర తల్లికి వినపడకుండా గొంతు తగ్గించింది. 'మీరు' పోయింది.

"మనిషి కూసున్నంతసేపు కుర్చీ కనబడది. మనిషి లేచి పోయినంకనే కనబడతది. గాయన కుర్చీనే సూస్తున్నడంటే దాంట్ల మనిషి లేదని. గంతే. దానికి అస్తిత్వం ఎందుకు తేజా?"

జయతీర్థగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "హౌదమ్మా, నిజమే. హౌదు" అని, మల్లెపూలు ఆమె చేతిలో పెట్టారు. "ఇవి దారి తప్పి నా దగ్గరికొచ్చాయి."

తర్వాత నలుగురం బస్టాండు ముందు మిర్చీ బజ్జీలు, మండక్కీ అనే మరమరాలు తిన్నాం. ఒక పొట్లంలో నేత్ర చేయీ నా చేయీ రెండుసార్లు తగిలాయి. రెండోసారి కావాలనే. మొదటిసారి కూడా.

గంటలో రాయచూరు బస్సొచ్చింది. వాళ్ళు ఎక్కారు. రాయచూరు దాకా పక్కన కూర్చుని వద్దామని నేనూ కాలు పెట్టాను.

"ఆగు అల్లుడా!" మా అత్తగారి గర్జన. "నేను దాటిన మెట్టు నువ్వెట్ల దాటుతవ్?"

"బస్సుకు గడపేమిటత్తయ్యా!"

"బస్టాండుకు లేదని నువ్వే అంటివట. బస్సుకున్నది గదా. తలుపున్నచోట గడపుంటది." కండక్టరు కూడా తలూపాడు.

కాలు వెనక్కి తీసుకుని కిటికీ కిందికి వెళ్ళాను. ఇంకా పదకొండు రోజులు. జడలో మల్లెలు పెట్టుకుని నేత్ర కిందికి చూసింది.

"గేటుకాడ నా కుర్చీ ఇంక గాడనే ఉన్నదా?"

"ఉంది."

"వానలు పడుతున్నయ్ గదా. లోపల పెట్టలేదా?"

"లేదు."

"ఎందుకు?"

ఆరేళ్ళ పాండిత్యాన్ని పక్కన పెట్టి, ఆమె కిటికీ చువ్వ పట్టుకున్నాను. నేత్ర నవ్వింది. ఆమె కళ్ళు మాత్రం నవ్వలేదు, తడిసి ఉన్నాయి. బస్సు కదిలింది. మల్లెల వాసన డీజిల్ పొగలో కాసేపు నిలబడింది. నేనూ నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి వాన దంచుతోంది. గేటు దగ్గర ఎర్ర కుర్చీలో నీళ్ళు నిండుతున్నాయి.

"ఒరేయ్ తేజా! మందేదిరా? సరేలే, ముందా కుర్చీ లోపల పెట్టు, తడుస్తోంది!" అని అరిచింది అమ్మ.

"వద్దమ్మా. అక్కడే ఉండనీ."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పురుగుల మందు నీకే కొట్టాలి" అని లోపలికి వెళ్ళింది.

గుమ్మంలో కూర్చుని ఫోన్ తీశాను. పద్నాలుగు పేరాలూ చెరిపేసి, 'కుర్చీ అంటే కుర్చీ. చింతబరిగె గారు చెప్పిందే నిజం' అని రాశాను.

జవాబు వెంటనే వచ్చింది. 'ఇన్ని దినాలు తిట్టినవ్. నడుములోతు నీళ్ళున్నా సరే, పదకొండు రోజుల తర్వాత ఆ కుర్చీని నేనే లోపల పెడతా. ఇంకెవరినీ ముట్టనియ్యకు.'

మరో నిమిషానికి ఇంకో వాక్యం: 'బెంగగున్నది.'

నేను లేచి వానలోకి పరుగెత్తి, కుర్చీని ముట్టుకోకుండా, దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.