మూత తీసిన చాక్లెట్ డబ్బా

ఆ శుక్రవారం ఉదయం రూజిత్సా పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కాలేజీకి వెళ్లాలి. సెక్రటరీ దేసా అక్క చేతిలో ఒక అర్జీ పెట్టాలి, అర్జీతో పాటు ఒక చాక్లెట్ డబ్బా ఇవ్వాలి. ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా తన ల్యాబ్‌లోకి దూరి, తలుపు వేసుకొని, తీరిగ్గా ఏడవాలి.

ఏడవడానికి కారణం లేకపోలేదు. చెవి మిషన్లలో పెట్టే ఒక చిన్న చిప్పు గీయడానికి ఆమెకి ఆరేళ్లు పట్టింది. చొక్కా గుండీ అంత బ్యాటరీతో నెలల తరబడి నడవాలన్నది దాని ఆశయం. పరదేశంలో తయారై ఐదు చిప్పులు మంగళవారం వచ్చాయి. గురువారం సాయంత్రానికి ఐదింటినీ పరీక్షించి చూసింది. ఒక్కటీ ఉలకలేదు, పలకలేదు. డాక్టరేట్‌కి గడువు నెలాఖరుతో సరి. పనిచేసే చిప్పు కొలతలు చూపించకపోతే ఆరేళ్ల చాకిరీ నీళ్లపాలే. ఆరు నెలలు పొడిగించమని అడుక్కోవాలంటే అర్జీకి ఇవాళే ఆఖరు రోజు.

ఇక చాక్లెట్ డబ్బా సంగతి. మొరావా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద ఒకటుంది. మూత తియ్యని డబ్బా చేతికిస్తే, కాస్త మా పని చూసి పెట్టండి అని. మూత తీసి నలుగురూ తిరిగే బల్ల మీద పెడితే మాత్రం, ఇంట్లో ఏదో శుభం జరిగిందని. కారు కొన్నా అంతే, కవలలు పుట్టినా అంతే. చూసినవాళ్లు తలా ఒక చాక్లెట్టు తీసుకొని అభినందించకపోతే తప్పు.

దేసా అక్క ఇంకా రాలేదు. రూజిత్సా డబ్బాని కాఫీ గదిలో బల్ల మీద పెట్టి, పిడి గిన్నెలో కాఫీ పొయ్యి మీదకి ఎక్కించింది. పొంగితే పొయ్యంతా పాడవుతుందని దానికేసే చూస్తూ నిలబడింది. ఈలోగా ఓగ్న్యెన్ వచ్చాడు. చిప్పుని పరీక్షించే ప్రోగ్రాం రాసింది అతనే. మంచివాడు, తెలివైనవాడు, పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరినవాడు కాదు. కాఫీ పొంగేసరికి డబ్బా మూత తీసి ఉంది, అతని రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి.

"ఓగ్న్యెన్, అవి నీకు కాదు."

"అందరికీ అనుకున్నానే. మరెవరికి?"

ఆమె జవాబు చెప్పేలోపు సీనియర్ లెక్చరర్ బ్రాతిస్లావ్ లోపలికి వచ్చాడు. డబ్బాని చూశాడు, నములుతున్న ఓగ్న్యెన్‌ని చూశాడు, రూజిత్సాని చూశాడు. ఆయనకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"పనిచేసిందన్నమాట చిప్పు," అని దగ్గరికొచ్చి, ఆ ఊరి అలవాటు ప్రకారం మూడుసార్లు బుగ్గల మీద ముద్దు పెట్టాడు.

"లేదండీ, పనిచెయ్యట్లేదు."

బ్రాతిస్లావ్ కన్ను గీటి, వంగి, దిష్టి పోవడానికి బల్ల చెక్కని కింద నించి మూడుసార్లు తట్టాడు. "అలాగే అనమ్మా. దిష్టి తగులుతుంది. కొలతలు కాగితం మీదకి ఎక్కేదాకా పనిచెయ్యట్లేదనే చెప్పు."

"నిజంగానే పనిచెయ్యట్లేదండీ. ఐదూ చచ్చాయి."

"ఎంత బాగా అంటోందో చూశావా?" అన్నాడాయన ఓగ్న్యెన్‌తో, మెచ్చుకోలుగా.

తొమ్మిదయ్యేసరికి రెండో అంతస్తులో వాళ్లంతా కాఫీ గదిలో దిగారు. వచ్చిన ప్రతివాళ్లకీ రూజిత్సా లేదనే చెప్పింది. ప్రతివాళ్లూ చెక్క తట్టి, చాక్లెట్టు తీసుకున్నారు. ఆమె ఎంత గట్టిగా కాదంటే వాళ్లకి అంత గట్టిగా నమ్మకం కుదిరింది. పాపం, గొంతు బొంగురుపోయింది గానీ ఒక్కడి బుర్రకీ ఎక్కలేదు. పవర్ సప్లై ల్యాబ్ వాళ్లు ఒక సీసా రకియా, అంటే పళ్ల సారా, పంపారు, ఉదయం పూటే.

దేసా అక్క పూలగుత్తి పట్టుకొని వచ్చింది. రూజిత్సా ఆమెని ఓ పక్కకి లాక్కెళ్లి అర్జీ చేతిలో పెట్టింది.

"ఏవిటే ఇది?"

"గడువు పొడిగించమని, అక్కా. ఇవాళే రిజిస్టర్‌లో ఎక్కించాలి."

దేసా అక్క చదివి, నవ్వి, కాగితాన్ని మడిచి తన సొరుగులో పెట్టి తాళం వేసింది. "ఇలాంటి రోజున ఇలాంటి కాగితం నా చేత్తో ఎక్కిస్తానా? పాడు మాటలు నువ్వూనూ. డీన్ గారికి కూడా ఫోన్ చేసి చెప్పేశాను, ఎంత సంతోషించారో."

చిప్పు పోతే పోయింది, ఇప్పుడు అర్జీ కూడా పోయింది. అంతలో గైడు ప్రొఫెసర్ రాతోమిర్ నించి ఫోను వచ్చింది. బెల్‌గ్రేడ్ నించి బస్సులో వస్తున్నాడు, గొంతులో నిష్ఠూరం నిండి ఉంది.

"ఆరేళ్లు నీతో తలబద్దలు కొట్టుకున్నాను, రూజిత్సా. ఈ కబురు నాకు గేటు కాపలావాడు ఫోన్ చేసి చెప్పాలా?"

"ప్రొఫెసర్ గారూ, చిప్పు చచ్చిపోయిందండీ."

అవతల నించి టక్ టక్ టక్ మని వినిపించింది. "బస్సులో అంతా ప్లాస్టిక్కే. పక్కాయన చేతికర్ర మీద తట్టాను. మధ్యాహ్నానికి అక్కడుంటాను, ఈలోగా ఇంకెవరికీ చెప్పకు."

పన్నెండింటికి డీన్ గారే స్వయంగా ల్యాబ్‌కి వేంచేశారు. ఆయన ఒకప్పుడు విద్యుత్ స్తంభాల నిపుణుడు. ఇప్పుడు రిబ్బన్లు కత్తిరించడంలో నిపుణుడు. వెంట చెవి మిషన్లు చేసే కంపెనీ పెద్ద ఇంజనీరు లెపొసావా ఉంది. అరవయ్యేళ్ల మనిషి, మెళ్లో గొలుసుకి కళ్లజోడు. ఆవిడకి కొత్త సభామందిరం చూపించి పంపేద్దామనుకున్న డీన్ గారికి ఇంతకన్నా మంచిది దొరికింది. వెనకాలే ప్రొఫెసర్ రాతోమిర్ రొప్పుతూ వచ్చి చేరాడు.

ఇంక లాభం లేదనుకుంది రూజిత్సా. "మాటలతో మీరెవరూ నమ్మరు, కళ్లారా చూడండి," అని మీటర్ ఆన్ చేసింది. మీటర్ సున్నా చూపించింది.

లెపొసావా కళ్లజోడు పెట్టుకుంది. "ఇది చిప్పు తీసుకుంటున్న కరెంటేనా?"

"అవునండీ."

"సున్నా," అన్నారు డీన్ గారు పరవశంగా. "చూశారా మేడం, అసలు కరెంటే తాగదు. ఇంత పొదుపైన చిప్పు మా దగ్గర తప్ప ఎక్కడా ఉండదు." వెనక నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు.

రూజిత్సాకి దుఃఖం ఆగలేదు. "పొదుపు కాదండీ, అది శవం. శవం ఏం తాగుతుంది? పొద్దుట్నించీ అదే మొత్తుకుంటున్నాను. నా డాక్టరేట్ పోయింది, అర్జీ సొరుగులో ఉంది, మీరేమో చెక్కలు తడుతున్నారు," అని అందరి ముందూ భోరుమంది.

లెపొసావా స్టూలు లాక్కొని ఆమె పక్కన కూర్చుంది.

"ఏడుపు తర్వాత, ముందు నాకు చెప్పు. దీన్ని ఎలా లేపుతావు?"

"పదకొండో పిన్నుకి సిగ్నల్ ఇస్తే మేలుకుంటుందండీ."

"ఇచ్చావా?"

"ఓగ్న్యెన్ ప్రోగ్రాం ఇస్తుంది."

"ఇస్తుంది," అన్నాడు ఓగ్న్యెన్, తెర మీద వేలు పెట్టి. "ఇదిగో, పదకొండు." నములుతున్నవాడు నమలడం ఆపాడు. "రూజిత్సా, నీ పిన్నులు ఎక్కణ్నించి మొదలవుతాయి?"

"ఒకటి నించి. ఇంకెక్కణ్నించి మొదలవుతాయి?"

"సున్నా నించి. మేమంతా సున్నా నించే లెక్కపెడతాం."

"మేమంతా అంటే ఎవరు?"

"మనుషులు."

రూజిత్సా కన్నీళ్లు తుడుచుకోకుండానే బోర్డు మీదకి వంగింది. అతని పదకొండు ఆమెకి పన్నెండు. మూడు రోజులుగా చిప్పుని లేపాల్సిన సిగ్నల్ పక్క పిన్నుని లేపుతోంది. ప్రొఫెసర్ రాతోమిర్ తల పట్టుకున్నాడు. ఓగ్న్యెన్ ప్రోగ్రాంలో ప్రతి పిన్ను నంబరులోంచీ ఒకటి తీసేసి మళ్లీ నడిపించాడు.

మీటర్ కదిలింది. తొమ్మిది మైక్రోఆంపుల దగ్గర ఆగింది. లెపొసావా హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకొని, చిప్పుకి కట్టిన మైకు ముందు ఒక కాగితం చింపి, ఆ చప్పుడు విని, మరో కాగితం చింపింది. "మా చిప్పు నలభై తాగుతుంది, అయినా ఇందులో సగం కూడా వినిపించదు," అంది. "కొలతలు ఎప్పుడిస్తావు?" రూజిత్సాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆరేళ్లలో ఆమె ఇంత సంతోషపడింది లేదు. "సోమవారానికి ఇచ్చేస్తానండీ," అంది. రాతోమిర్ ఆమెని కావలించుకొని, గడువు లోపలే సమర్పిద్దాం అన్నాడు.

డీన్ గారు మాత్రం మీటర్ దగ్గర నించి కదల్లేదు.

"ఇందాక సున్నా ఉంది కదమ్మా?"

"ఇందాక పనిచెయ్యలేదండీ."

"ఇప్పుడు తొమ్మిది."

"ఇప్పుడు పనిచేస్తోంది కదండీ."

ఆయన అర్థమైనట్టు తలూపి, ఆమె భుజం తట్టి, దిగులుగా వెళ్లిపోయారు. సాయంత్రం దేసా అక్క టైపు చేసిన మినిట్స్‌లో డీన్ గారి మాటగా ఇలా ఉంది: "మధ్యాహ్నానికల్లా చిప్పు పనితీరు సున్నా నుంచి తొమ్మిదికి దిగజారినప్పటికీ, అభ్యర్థిని అధైర్యపడకపోవడం ప్రశంసనీయం."